గడువు దాటిన బ్యాగులు

జూన్ 3

చెల్లీ,

నిన్న ఫోనెత్తి “ఆ”, “ఊఁ”, “సరేలే” అని మూడు ముక్కలు చెప్పి పెట్టేశావు. ఆ మూడు ముక్కల కోసం నేను డ్యూటీ మధ్యలో నాలుగంతస్తులెక్కి ఆసుపత్రి మేడ మీదకు వెళ్లాను, కింద మా బ్లడ్ బ్యాంకు గదిలో సిగ్నల్ ఉండదని. ఇక నీతో ఫోను దండగ. చిన్నప్పటి నుంచీ నీ నోరు కాగితం మీదే ఉంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. జవాబు కూడా ఉత్తరంలోనే రాయి. రెండు పేజీలకు తగ్గితే ఊరుకోను.

మీ బావ సంగతి బాగాలేదు. ఆయన ఎముకల్లో మూలుగ రక్తం తయారుచేయడం మానేసి నాలుగేళ్లయింది కదా. మూడు వారాలకొక బ్యాగు ఎక్కించి నెట్టుకొస్తున్నాం. ఇన్నాళ్లూ ఎవరెవరిదో రక్తం ఎక్కి ఎక్కి, ఇప్పుడాయన ఒంటికి పరాయి రక్తమంటే పడడం లేదు. నేను రోజూ చేసే పని నీకెప్పుడూ వివరంగా చెప్పలేదు. రోగి సీరం రెండు చుక్కలు, బ్యాగులోని రక్తం ఒక చుక్క, చిన్న గొట్టంలో వేసి, వెచ్చబెట్టి, తిప్పి చూస్తాను. కలిసిపోతే ఎక్కించవచ్చు. గింజలు కట్టిందా, ఆ బ్యాగు ఆ మనిషికి విషం. మొన్న మీ బావ కోసం ఇరవై ఎనిమిది బ్యాగులతో చూశాను. ఇరవై ఏడు గింజలు కట్టాయి.

ఇంటివాళ్ల పరీక్ష ఇంకొకరు చేయాలని మా దగ్గర రూలు. మా డాక్టరమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. నా చేతి మీద ఆవిడకు అంత నమ్మకం.

సరే, అసలు విషయం. మీ లాబ్‌లో రక్తానికి బదులు ఎక్కించేది ఏదో చేస్తున్నారు కదా. దానికి గ్రూపులు ఉండవని పోయినసారి వచ్చినప్పుడు అన్నావు. నిజమేనా? ఎప్పటికి వస్తుంది?

మీ బావ పక్కనే కూర్చుని నా భుజం మీద నుంచి చదువుతున్నారు. ఆయన కూడా ఏదో రాస్తారట.

అక్క

(మౌనస్వామి గారికి బావ వ్రాయునది. తమరు ఏదో డూప్లికేటు రక్తం తయారుచేస్తున్నారని విన్నాను. మా బస్సుల గ్యారేజీలో ఒరిజినల్ పార్టు దొరకనప్పుడు డూప్లికేటుతోనే బండి నడుపుతాం. నాకేమీ పట్టింపు లేదు. పంపించండి.)


జూన్ 14

అక్కకి,

రెండు పేజీలు అన్నావని చిన్న అక్షరాలతో రాస్తున్నాను, ఎక్కువ పడతాయని.

మేం చేసేది రక్తం కాదు. రక్తం చేసే ఎన్నో పనుల్లో ఒక్కటే అది చేస్తుంది. ఆక్సిజన్ మోస్తుంది. గడువు దాటి పారేయవలసిన బ్యాగులు బ్లడ్ బ్యాంకుల నుంచి మాకు వస్తాయి. ఆ రక్తకణాలను నీళ్లతో పగలగొడతాం. గ్రూపు గుర్తులన్నీ కణం పైపొర మీదే ఉంటాయి. ఆ పొర వడకట్టి పారేస్తే లోపలి హిమోగ్లోబిన్ మిగులుతుంది. దానికి గ్రూపు లేదు. అలాగే ఎక్కిస్తే ముక్కలై మూత్రపిండాలను పాడుచేస్తుంది, అందుకని ముక్కలు విడిపోకుండా ఒక రసాయనంతో ముడివేస్తాం. చివరికి ముదురు ద్రాక్ష రంగులో ఒక ద్రవం వస్తుంది. ఫ్రిజ్ అక్కర్లేదు. మామూలు అలమారాలో పెట్టుకోవచ్చు.

వినడానికి తేలికగా ఉంది. మూడు బ్యాగులకు ఒక ప్యాకెట్టు వస్తుంది, అదీ ఏ తప్పూ జరగకపోతే. కొంచెం గాలి తగిలినా గోధుమరంగుకు తిరిగిపోతుంది. పోయిన నెల మొత్తం సింకులో పోశాం. మా పెద్దసారు ఏమీ అనకుండా కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు గొర్రెల మీద పరీక్షకు ఒక పెద్ద విడత చేయాలి. దానికి అరవై బ్యాగులు కావాలి. ముప్ఫై నాలుగే ఉన్నాయి. బ్యాగులు రాక పని ఆగిపోయింది. మీ బ్యాంకు నుంచి నెలకు మూడో నాలుగో వస్తాయి. పెట్టె తెరవగానే చీటీ కింద టెక్నీషియన్ సంతకం ఉంటుంది కదా, నీది. ముందు అది చూసుకుని తర్వాత బ్యాగులు లెక్కపెడతాను.

బావకు చెప్పు, డూప్లికేటు అనవద్దని. మా పెద్దసారు వింటే మళ్లీ కళ్లజోడు తీస్తారు.

గదిలో బల్ల ఊగుతోంది. ఈ వంకర అక్షరాలు నావి కావు, బల్లవి.

చెల్లి


జూన్ 26

బంగారుతల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి మీ బావకు చదివి వినిపించాను. “డూప్లికేటు అనకూడదా? అయితే స్టెప్నీ అంటాను” అన్నారు. ఇప్పుడు ఇంట్లో నీ మందు పేరు స్టెప్నీ.

బ్యాగులు లేక పని ఆగిందని రాశావు. ఆ మాట దగ్గరే నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఆరు బ్యాగులు! రోజుకు అంతకు రెట్టింపు నా చేతుల మీదుగా పోతాయి. నీకు తెలుసో లేదో, మా ఫ్రిజ్‌లో ఒక వరస ఉంటుంది. బ్యాగు ఆయుష్షు ముప్ఫై అయిదు రోజులు. గడువు దగ్గరపడినవి ముందు వరుసలో, కొత్తవి వెనక. ఎవరికి ఇచ్చినా ముందు వరుస నుంచే తీయాలి. ఆ వరస పెట్టేది నేనే. ఎ.బి. గ్రూపువి ఎలాగూ కొన్ని మిగిలిపోతాయి, వాళ్లకు ఎవరి రక్తమైనా పడుతుంది కనుక. నీ బ్యాగుల సంగతి నాకు వదిలేయి. ఎలా అని అడగకు. నువ్వు ఆ గాలి తగలకుండా చూసుకో చాలు.

ఒక సంగతి మాత్రం రాయి. ఒకసారి ఎక్కిస్తే అది ఒంట్లో ఎన్నాళ్లుంటుంది? మామూలు కణం నాలుగు నెలలు బతుకుతుంది, దానితో పోల్చుకుందామని.

మీ బావ గ్యారేజీ మానేశారు. జాకీ ఎత్తలేక బస్సు కింద పడుకుండిపోయారట. తోటివాళ్లు ఏదో బోల్టు బిగిస్తున్నాడనుకున్నారు, పావుగంట ఎవరూ చూడలేదు. ఇంటికొచ్చి, “పావుగంట హాయిగా పడుకున్నాను, జీతం కోతలేదు” అన్నారు. మా ఇంటికి పదహారు మెట్లు. ఎనిమిదో మెట్టు మీద కూర్చుని చెప్పారీ మాట.

జాగ్రత్త. వేళకు తిను. నోట్లో నాలుక లేనిదానివని మెస్సులో నీ వంతు ఎవరో తినేస్తుంటారు, నాకు తెలుసు.

అక్క


జూలై 17

అక్కకి,

ఆలస్యానికి మన్నించు. అరవై బ్యాగులూ నిండాయి. విడత తయారైంది. ఈసారి గాలి తగలలేదు. ఇరవై ప్యాకెట్లు అలమారాలో వరసగా ఉన్నాయి. మా పెద్దసారు గొడుగు లేకుండా వానలో టీ తాగడానికి వెళ్లారు, అంత సంతోషం.

గొర్రెలకు ఎక్కించాం. వాటి రక్తం చాలావరకు తీసేసి, బదులు ఇది ఎక్కించి చూశాం. లేచి నిలబడ్డాయి. రెండు గంటల్లో మేత తిన్నాయి. రక్తపోటు మాత్రం కొంచెం పెరుగుతోంది, నాళాలు బిగుసుకోవడం వల్ల. చూస్తున్నాం.

మీ బ్యాంకు నుంచి ఈ నెల పద్నాలుగు బ్యాగులు వచ్చాయి. అందులో పది ఎ గ్రూపువి. అన్నీ గడువు దాటి ఒక్కరోజే అయినవి. మిగతా బ్యాంకుల నుంచి వచ్చేవి కలగాపులగంగా ఉంటాయి, వారం దాటినవి, పది రోజులు దాటినవి. మీవి ఇంత వరసగా ఎలా వస్తున్నాయని మా పెద్దసారు ఆశ్చర్యపోయారు. నేనేమీ అనలేదు.

మీ బ్యాంకులో ఎ గ్రూపు వాడకం తగ్గిందా?

బావను మెట్లెక్కవద్దని చెప్పు. కింద వాటా దొరకదా?

నేను బాగానే తింటున్నాను.

చెల్లి


జూలై 28

శాస్త్రవేత్త గారికి,

మీ పెద్దసారు మా బ్యాగులు చూసి ఆశ్చర్యపోయారని చదివి నాకెంత గర్వంగా ఉందో! పదకొండేళ్లలో మా డాక్టరమ్మ కూడా ఒక్కసారి మెచ్చుకోలేదు. ఎ గ్రూపు వాడకం తగ్గిందా అని అడిగావు. తగ్గిందనే అనుకో. ఎ.బి. ఒక్కటే చాలలేదు, అందుకని దీన్నీ కలిపాను. ఎ గ్రూపు వాళ్లకు అవసరమైతే ఓ ఇవ్వవచ్చు కదా. నువ్వు దిగులుపడకు, నెలనెలా ఇలాగే పంపిస్తాను. బ్యాగులు లేక నీ పని ఇంకెప్పుడూ ఆగదు.

గొర్రెలు లేచి మేత తిన్నాయని చదవగానే మీ బావ గొర్రెలా అరిచారు. పక్క వాటావాళ్లు తలుపు తీసి చూశారు. రక్తపోటు పెరుగుతోందని రాశావు, అది ఆయనకు మంచిదే కదా? ఎప్పుడూ తొంభై దాటదు. లేవగానే కళ్లు తిరుగుతాయంటారు. కొంచెం పెరిగితే తిన్నగా నడుస్తారు.

ఒంట్లో ఎన్నాళ్లుంటుందో నువ్వు రాయనేలేదు. రాయలేదంటే భయపడేదేమీ లేదన్నమాట. నేను నాలుగు నెలలకు తగ్గదనుకుంటున్నాను. మీ బావ ఆరు నెలలంటున్నారు. “గడువు తీరినా మళ్లీ పోయించుకోవచ్చు, బంకులో మరదలే ఉందిగా” అంటున్నారు. పాత యూనిఫారం తీసి గుండీలు కుట్టించుకున్నారు కూడా.

మా డాక్టరమ్మ ఏవో ఇంజక్షన్ల సంగతి చెప్పింది. పరాయి రక్తం మీద ఒళ్లు చేసే తిరుగుబాటును అణచేస్తాయట. కానీ ఒంటి కాపలా మొత్తం తగ్గిపోతుంది, చిన్న జ్వరం వచ్చినా ప్రమాదమే. “ఇప్పుడే వద్దండీ, మా చెల్లెలి మందు వస్తోంది” అన్నాను. ఆవిడ నా వంక అదోలా చూసింది. చూడనీ.

కింద వాటా ఎందుకే? ఇంకో రెండు నెలల్లో ఆయన పదహారు మెట్లూ పరిగెత్తరూ?

అక్క

(మౌనస్వామీ, స్టెప్నీ బిగించడానికి నేను రెడీ. జాకీ మీరే పట్టుకురావాలి. బావ)


ఆగస్టు 8

అక్కా,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మూడు చించేశాను. ముందు విషయం రాస్తాను, తర్వాత మిగతాది.

అది ఒంట్లో ఒక్కరోజే ఉంటుంది. ఎక్కువలో ఎక్కువ ఒకటిన్నర రోజు.

మేం పైపొర తీసేస్తాం కదా. గ్రూపు గుర్తులు ఆ పొర మీదే ఉంటాయి, కణాన్ని నాలుగు నెలలు కాపాడేదీ ఆ పొరే. పొర లేనిదాన్ని ఒళ్లు త్వరగా తీసి పారేస్తుంది. ఇది బావలాంటి వాళ్ల కోసం చేసినది కాదు. రోడ్డు మీద దెబ్బ తగిలి రక్తం పోతున్నవాళ్లకు, రక్తం వచ్చేదాకా ఒక పూట ప్రాణం నిలపడానికి చేసినది. బావకు ప్రతి రెండురోజులకూ ఎక్కిస్తే, పెరిగే రక్తపోటు గుండెను దెబ్బతీస్తుంది. గొర్రెలు మేత తిన్నాయని రాశాను. ఎనిమిదింటిలో రెండింటికి గుండె కండరం మచ్చపడిందని రాయలేదు.

జూన్‌లో నువ్వు అడిగావు. నాకు అప్పుడే తెలుసు. బావ ఎనిమిదో మెట్టు మీద కూర్చున్నారని చదివి రాయలేకపోయాను, గొర్రెలా అరిచారని చదివాక ఇక ఎలా రాయాలో తెలియలేదు. నేను అబద్ధం రాయలేదు అనుకుంటూ వచ్చాను. అడిగినదానికి జవాబు రాయకపోవడం ఏమిటో నీ ఉత్తరం చదివాక తెలిసింది. “రాయలేదంటే భయపడేదేమీ లేదన్నమాట.”

ఆ ఇంజక్షన్లు వెంటనే మొదలుపెట్టించు. మీ డాక్టరమ్మ చెప్పింది సరైన దారి. ఒక్క రోజు కూడా ఆగకు.

బ్యాగులు పంపవద్దు. మామూలుగా మిగిలినవి తప్ప ఒక్కటి కూడా వద్దు. వరస మార్చావేమో అని నాకు అనుమానం. కాదని రాయి.

బావకు ఎలా చెబుతావో నాకు తెలియదు. కావాలంటే ఈ కాగితం ఆయన చేతికివ్వు.

చెల్లి


ఆగస్టు 10

చెల్లీ,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. వస్తుందని ఎదురుచూడకుండా రాస్తున్నాను. ఎవరికో ఒకరికి చెప్పాలి, ఇంట్లో చెప్పలేను.

నిన్న పొద్దున తొమ్మిదింటికి లేబర్ రూము నుంచి నర్సు పరిగెత్తుకొచ్చింది. మొదటి కాన్పు, ఇరవై రెండేళ్ల పిల్ల. బిడ్డ బాగానే పుట్టింది. తర్వాత రక్తం ఆగడం లేదు. ఎ గ్రూపు. “నాలుగు బ్యాగులు, వెంటనే” అంది.

ఫ్రిజ్ తెరిచాను. ఎ గ్రూపువి ఏడు బ్యాగులున్నాయి. ఏడూ వెనక వరుసలో. ఏడింటికీ ముందురోజుతో గడువు తీరింది. కొత్తవన్నీ నేనే ఆ వారమంతా ముందుగా ఇచ్చేశాను, ఇవి మిగలాలని. నీకు పంపే పెట్టె కూడా కింద సిద్ధంగా ఉంది.

ఓ గ్రూపువి రెండే ఉన్నాయి. మిగతావి ముందురోజు బస్సు ప్రమాదానికి వెళ్లాయి. ఆ రెండూ పట్టుకుని మెట్లన్నీ పరిగెత్తి ఇచ్చి వచ్చాను. మళ్లీ ఫ్రిజ్ ముందు నిలబడ్డాను. ఆ ఏడింటి మీదా చెయ్యి వేసి చూశాను. చల్లగా, మామూలుగానే ఉన్నాయి. ముందురోజు ఇదే వేళకు ఇవి మంచివి.

“ఒక్కరోజేగా అండీ, ఇచ్చేద్దామా?” అని డాక్టరమ్మను అడిగాను.

“నీకు మతిపోయిందా? ఒక్కరోజని ఇవాళ, రెండ్రోజులని రేపు. అవతలి బ్యాంకుకి ఫోన్ కొట్టు. బండి పంపించు.” ఫోన్ చేస్తుంటే నా వెనక నుంచి అంది, “ఏడు బ్యాగులు ఒకేసారి ఎలా దాటాయే?”

“వాడకం తగ్గిందండీ” అన్నాను.

బండి వెళ్లి రావడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. రక్తం ఎక్కిస్తూ కాసేపు చూస్తే రక్తస్రావం దానంతట అదే ఆగేదేమో అన్నారు పెద్ద డాక్టరు. రక్తమే లేనప్పుడు చూస్తూ ఎలా కూర్చుంటారు? గర్భసంచి తీసేశారు. పిల్ల బతికింది.

సాయంత్రం ఇంటికొస్తే మీ బావ, “ఏమిటి, స్టెప్నీ వచ్చిందా?” అన్నారు. తలనొప్పి అని పడుకున్నాను.

నేను చంపలేదు కదా చెల్లీ? అది బతికింది కదా?

ఒకటి మాత్రం చెప్పు. నాలుగు నెలలైనా ఉంటుంది కదా నీ మందు? అదొక్కటి చెప్పు. అప్పుడు నేను దేనికోసం చేశానో నాకు తెలుస్తుంది.

అక్క


ఆగస్టు 17

అక్కా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నువ్వు ఆఖరున అడిగినదానికి జవాబు ఈపాటికి నీ చేతిలో ఉంటుంది. నువ్వది చదివిన రోజు నీ పక్కన ఉండవలసింది నేను.

నువ్వొక్కదానివే చేసినట్టు రాశావు. కాదు. జూలైలో పెట్టె తెరిచినరోజే నాకు తెలిసింది. ఫ్రిజ్‌లో వరస సంగతి అంతకుముందే నువ్వు రాశావు. పది ఎ బ్యాగులు, అన్నీ ఒక్కరోజే దాటినవి. అది చూసి కూడా అర్థంకాకపోవడానికి నేనేమైనా చిన్నపిల్లనా? నిన్ను తిన్నగా అడగలేదు. అడిగితే ఔనంటావని భయం. ఔనంటే పెట్టె వెనక్కు పంపాలి. పంపితే గొర్రెల పరీక్ష ఆగిపోతుంది. అందుకని వాడకం తగ్గిందా అని అడిగాను. పెద్దసారు ఆశ్చర్యపోయారని రాశాను. నీకది మెప్పులా అనిపించింది. నేను అడగగలిగింది అంతే. అది అడగడం కాదు, చేతులు కడుక్కోవడం.

బ్యాగులు లేక పని ఆగిందని రాసింది కూడా నేనే. ఎవరికి రాస్తున్నానో ఆలోచించలేదు.

ఇంకొకటి ఉంది. రాయకుండా ఉందామనుకున్నాను. కానీ రాయకుండా ఉండడం వల్లనే ఇంత జరిగింది. ఆ అమ్మాయికి కావలసింది రెండు గంటల పది నిమిషాలు. మా ప్యాకెట్టు సరిగ్గా దాని కోసమే చేస్తున్నాం. ఎప్పటికైనా అది నిజంగా పనికొస్తే, అలాంటి అమ్మాయికే పనికొస్తుంది.

మా పెద్దసారుకు చెప్పాను. కాగితం మీద రాసి ఇద్దామనుకుని వెళ్లాను. ఆయన కాగితం తీసుకోలేదు, “ఏమిటో చెప్పమ్మా” అన్నారు. చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, “ఆ విడత మీద వచ్చిన ఫలితాలు వాడుకోకూడదు” అన్నారు. తర్వాత, “గొర్రెలు అనవసరంగా పోయాయి” అన్నారు. నన్ను పొమ్మనలేదు. మాట్లాడడమూ లేదు.

నువ్వు మీ డాక్టరమ్మకు చెప్పు. నీ మీద జాలి లేక కాదు. ఆవిడ ఇంకా ముందు వరుస ముందే ఉందనుకుని రక్తం ఇస్తూ ఉంటుంది.

ఇంజక్షన్లు మొదలుపెట్టారా? బావ ఎలా ఉన్నారు? ఆయన గురించి ఒక్క వాక్యమైనా రాయి.

చెల్లి


ఆగస్టు 28

చెల్లీ,

ఈ ఉత్తరం ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పెన్సిలుతో, ఒళ్లో రిపోర్టుల కవరు పెట్టుకుని.

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివిన రోజు నిన్ను తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. ఒక్కరోజు! అదే ముక్క జూన్‌లో రాసి ఉంటే నేను ఆ బ్యాగుల జోలికి పోయేదాన్నే కాదు. రెండో ఉత్తరం చదివాక తిట్టడం మానేశాను. నువ్వు రాయకపోతే ఆ ఫ్రిజ్ తలుపు నీ చెయ్యి తీసిందా, నాదా?

మీ బావకు నీ కాగితమే ఇచ్చాను. ముందు నవ్వారు. “స్టెప్నీ అని నేనే అన్నానుగా. స్టెప్నీ పంక్చరు షాపు దాకా వెళ్లడానికే. దాని మీదే ఊళ్లు తిరుగుతామా? మౌనస్వామిని ఏమీ అనకు.” తర్వాత బ్యాగుల సంగతీ, ఆ పిల్ల సంగతీ చెప్పాను. అప్పుడు నవ్వలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఏళ్ల తరబడి వాగుతూ ఉండే మనిషి ఊరుకుంటే ఇల్లెలా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది. మూడో రోజు పొద్దున యూనిఫారం మడతపెట్టి పెట్టెలో పెడుతూ అడిగారు.

“ఆ అమ్మాయికి చెప్పావా?”

“డాక్టరమ్మకి చెప్పానండీ.”

“డాక్టరమ్మ కడుపు కోశారా?”

డాక్టరమ్మకు అంతకు ముందురోజే చెప్పాను. ఆవిడ అరవలేదు. లేచి వెళ్లి ఫ్రిజ్ తెరిచి, ఒక్కొక్క బ్యాగూ తనే బయటికి తీసి, తేదీ చూసి, వరస మార్చింది. గంట పట్టింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. “పదకొండేళ్లు నీ చేతి లెక్క నేను మళ్లీ చూడలేదు. అది నా తప్పు. నీది వేరే” అంది. పనిలోంచి నిలిపేశారు. విచారణ ఉంది. ఏమవుతుందో తెలియదు.

ఇంజక్షన్లు మొదలై పది రోజులైంది. అవి పనిచేయడానికి ఇంకో నాలుగు వారాలు పడుతుందట. ఈలోగా ఆయన హిమోగ్లోబిన్ మూడున్నరకు దిగింది. నిన్న స్ట్రెచరు మీదే తెచ్చి ఆసుపత్రిలో చేర్చారు. ఇవాళ బ్యాగుల పరీక్ష. నేను చేయడానికి లేదు. గాజు కిటికీకి ఇవతల బెంచీ మీద కూర్చున్నాను, మిగతా జనంతోపాటు. లోపల నా కుర్చీలో కొత్తమ్మాయి. గొట్టం పట్టుకునే తీరు నేను నేర్పిందే. లేచి లేచి కిటికీ దగ్గరకు వెళ్తున్నాను. మూడోసారి ఆ పిల్ల కిటికీ తీసి, నన్ను ఏమని పిలవాలో తెలియక, “వెతుకుతున్నామండీ... కూర్చోండి” అంది. ఈ మాట నేను ఎన్ని వేలమందితో అన్నానో. వచ్చి కూర్చున్నాను.

ముప్ఫై ఒక్క బ్యాగులు చూసింది. ఒకటి కలిసింది. మైక్రోస్కోపులో కూడా చూసింది, గింజలు లేవు. రిజిస్టరులో రోగికి బంధుత్వం అన్నచోట భార్య అని రాసి సంతకం చేశాను. పదకొండేళ్లలో ఆ గడి నేను నింపడం ఇదే మొదలు. ఇప్పుడది ఆయనకు ఎక్కుతోంది, మెల్లగా, నిమిషానికి ఎనిమిది చుక్కలు. మూడు వారాలు నిలుస్తుందేమో. అప్పటికి ఇంజక్షన్లు అందుకోవాలి. అందుకుంటాయని ఎవరూ చెప్పడం లేదు.

సూది గుచ్చి నర్సు వెళ్లాక మీ బావ కళ్లు మూసుకునే, “ఆ అమ్మాయి కుట్లు మానక ఇంకా పైన వార్డులోనే ఉంది, రేపు ఇంటికి పంపేస్తారట. వెళ్లిరా” అన్నారు. అంటే వార్డు బాయ్‌ని అడిగి కనుక్కున్నారన్నమాట.

వెళ్లాను. పిల్ల మంచం మీద కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. వాళ్లమ్మ నన్ను చూడగానే లేచి నిలబడింది. “ఈవిడేనే! ఆరోజు రక్తం పట్టుకుని మెట్లన్నీ పరిగెత్తుకుంటూ వచ్చింది ఈవిడే. కూర్చో తల్లీ. నీ చెయ్యి చల్లగుండ” అని నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు విడిపించుకోవడం ఎంత కష్టమైందో నీకు ఎలా చెప్పను?

నిలబడే చెప్పాను. ఎక్కడా మెత్తబరచలేదు. వాళ్లమ్మకు మొదట అర్థంకాలేదు. “ఏమిటీ? ఏమంటోందీ?” అంది. ఆ పిల్ల చెయ్యెత్తి ఆమెను ఊరుకోమంది.

“అంటే, ఆరోజు ఉన్నాయా?”

“ఉన్నాయమ్మా. ముందురోజు దాకా పనికొచ్చేవి.”

“ఎవరి కోసం దాచారు?”

“మా ఆయన కోసం.”

ఆ పిల్ల బిడ్డ తల మీద గుడ్డ సర్దింది. తర్వాత అడిగింది.

“మరి ఆయనకి నయమైందా?”

ఎత్తిపొడుపేమో అని మొహంలోకి చూశాను. కాదు చెల్లీ. నిజంగానే అడిగింది. కనీసం ఒకరికైనా పనికొచ్చాయేమో తెలుసుకుందామని అడిగింది.

“లేదమ్మా. అవి ఆయనకి పనికిరావు” అన్నాను.

ఆ పిల్ల బిడ్డను ఇటు నుంచి అటు మార్చుకుంది. నేను అక్కడే నిలబడ్డాను. నన్ను పొమ్మని ఎవరూ అనలేదు.

అక్క